కొత్త కంప్యూటర్‌కు రాని విద్య

సుస్మిత రాసిన ప్రోగ్రాం చెరువు నీటిబొట్టును మైక్రోస్కోపులో తీసిన ఫొటో చూసి, రొయ్యలకు చెరుపు చేసే నాచు ఎంతుందో చెబుతుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆమె ఆఫీసులో చిటికెలో పనిచేసేది. నాగాయలంకలో శౌరయ్య గారి నీటి పరీక్షల ల్యాబులో పాత కంప్యూటర్ మీదా బాగానే నడిచింది. ఆమె మాట మీదే ఆయన కొత్తది కొన్నాడు. అందులో మాత్రం ఫొటో తెరవగానే ప్రోగ్రాం ఠక్కున మూసుకుపోతోంది.

మొహం చిన్నబుచ్చుకుని నాగాయలంకలో బస్సు దిగి ల్యాబుకొచ్చింది సుస్మిత.

"రండమ్మా! కొత్త పెళ్లికొడుకు పని ముట్టుకోనంటున్నాడు," అంటూ నవ్వాడు శౌరయ్య. పక్కన రొయ్యల రైతు మాణిక్యమ్మ నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది.

సుస్మిత ఎర్రర్ చూసింది. తనకు తెలియని ఆదేశం వచ్చిందని ప్రాసెసర్ ఆగిపోయింది. ఎనిమిది సంఖ్యల్ని ఒకేసారి లెక్కకట్టే ఆదేశం అది. ప్రాసెసర్ ఏ కంపెనీదో, ఎంత కొత్తదో చూసి, దానికి ఆ విద్య వచ్చని ప్రోగ్రాం నమ్మేసింది. కొత్తదే అయినా, ఈ చవక రకంలో కంపెనీ ఆ విద్య పెట్టలేదు.

"అంటే ఏంటమ్మా?" అంది మాణిక్యమ్మ.

"ఇంటిపేరు చూసి ఈత వచ్చనుకున్నానండీ."

"అడిగితే చెప్పదా?"

"చెబుతుందండీ. అడగడానికో ఆదేశం ఉంది. ఏ విద్యకా విద్య, వస్తే ఒకటి, రాకపోతే సున్నా చూపిస్తుంది."

"మరి అడక్కుండా కాలవలోకి తోసేశావా తల్లీ!"

ముగ్గురూ నవ్వారు. సుస్మిత ప్రోగ్రాంలో కంపెనీ పేరు చూసే వరసలు చెరిపేసి, ప్రాసెసర్నే అడిగేలా రాసింది. విద్య ఉంటే వేగం దారి, లేకపోతే నిదానం దారి. నడిపితే మళ్లీ మూసుకుపోయింది! ప్రాసెసర్ జవాబులో ఆ విద్య గడికి బదులు పక్క గడి చదివేలా రాసింది. నాలిక కరుచుకుని సరిదిద్దింది.

ఈసారి మాణిక్యమ్మ చెరువు నీళ్ల ఫొటో తెరుచుకుంది. కాస్త ఆలస్యంగానే అయినా, నాచుకణాల చుట్టూ ఒక్కొక్కటిగా ఎర్రగీతలు పడ్డాయి. అక్కడక్కడా కొన్నే. శౌరయ్య కళ్లజోడు సవరించుకుని చూశాడు.

"భయం లేదు మాణిక్యమ్మా. మేత ఆపక్కర్లేదు."

ఆమె అప్పటికే ఫోన్ చెవికి ఆనించింది. "ఏవయ్యా, మేత చల్లెయ్! నీళ్లు బాగున్నాయంట!" అని వీధి చివరిదాకా వినిపించేలా కేకేసింది.