అయోర్కోర్ స్టాపు

మా అమ్మ అయోర్కోర్ పోయాక కూడా లబాడీ రోడ్డు మీద ట్రోట్రో వ్యాన్లు ఆమె పేరు చెప్పే ఆగేవి. ఆమె కొమి అనే మొక్కజొన్న ముద్దలు ఉడికించి అమ్మిన పొయ్యిలు ఆరిపోయాయి. చుట్టాలు ఆ స్థలం అమ్ముకున్నారు. అక్కడ అద్దాలతో కోడి వేపుళ్ళ దుకాణం లేచింది. అయినా డబ్బులు వసూలు చేసే మేటు తలుపు పట్టుకుని వేలాడుతూ "అయోర్కోర్! అయోర్కోర్ ఎవరైనా ఉన్నారా?" అని అరిచేవాడు. ఎవరైనా పలికితేనే బండి ఆగేది.

నాకు మిగిలింది ఆ అరుపొక్కటే. ఫొటో కూడా లేదు. స్థలం అమ్మిన డబ్బులో నా వాటా అన్నలు మింగేశారు. బడి మానేసి మొక్కజొన్న పిండి పిసికింది మాత్రం నేను.

దుకాణం యజమాని ఆ అరుపు కూడా ఉంచనిచ్చేలా లేడు. వ్యాన్ల స్టాండు పెద్ద అషితేకి వేపుడు పొట్లాలు పంపి స్టాపుకి తన దుకాణం పేరే, 'జెరికో చికెన్' అని పెట్టించాడు. నేను అషితే దగ్గరికి వెళ్ళాను.

"మీ అమ్మ కుండ ఇంకా అక్కడుందా?" అన్నాడు ఎముక చీకుతూ.

"మామిడిచెట్టు స్టాపులో చెట్టుందా పెద్దాయనా? అది కొట్టేసి ఎంతకాలమైంది? దాని పేరు మార్చవేం?"

"ఆ చెట్టు కొడుకు వచ్చి నా బుర్ర తినడంలేదుగా!"

డ్రైవర్లందరూ పగలబడి నవ్వారు. నేను వ్యానెక్కాను. లోపలంతా చేపలమ్మే ఆడవాళ్ళు. మేటు "జెరికో చికెన్!" అని అరిచాడు. ఒక్కరూ పలకలేదు. నేనూ పలకలేదు. బండి స్టాపు దాటి వంతెన దాకా పోయింది.

"ఒరే మేటూ, నా స్టాపేదిరా?" అని లేచింది వాళ్ళలో ఒకతి, మామీ అజేలే.

"పిలిచానమ్మా! జెరికో చికెన్ అన్నాను."

"చేపలమ్ముకునేదాన్ని, కోడి పేరు చెబితే నేనెందుకు దిగుతానురా?"

మిగతావాళ్ళూ అందుకున్నారు. చివరికి మేటు వాళ్ళ చేపల బేసిన్లు ఒక్కొక్కటీ నెత్తిన పెట్టుకుని స్టాపు దాకా వెనక్కి మోశాడు. నీచునీళ్ళు వాడి మెడ మీదుగా కారాయి. ఆ తర్వాత అషితే ఎంత కసిరినా మేటులందరూ పాత పేరే అరిచారు.

గెలిచాననుకున్నాను. కొన్నాళ్ళకి మళ్ళీ అదే వ్యానులో, కాలేజీ పిల్ల ఒకతి మామీ అజేలేని అడిగింది. "ఆంటీ, అయోర్కోర్ అంటే ఎవరు?"

"కొమి అమ్మేదిలే. ముద్ద చిన్నది. కారం వెయ్యడంలో మహా పిసినారి."

నాకు ఒళ్ళు మండింది. "మామీ, నీకు కొసరు కారం వెయ్యని రోజుందా? నా చేత్తో నేనే వేసేవాణ్ణి!"

"నువ్వు వేసేవాడివి నాయనా. ఆవిడ చూసి మళ్ళీ తీసేసుకునేది!"

బండంతా నవ్వింది. అది నిజమే. ఆ కారానికి గరిటె దెబ్బలు తిన్నవాణ్ణి నేనే.

"ముద్ద మాత్రం చిన్నది కాదు," అన్నాను.

"చిన్నదే."

మేటు "అయోర్కోర్!" అని అరిచాడు. ఇద్దరం దిగాం. రోడ్డు పక్కన నిలబడి మామీ ఇంతేనంటూ పిడికిలి బిగించి చూపించింది. నేను రెండు చేతులూ కలిపి చూపించాను.