కూత పెట్టని పూట

నేను ఒక అల్యూమినియం ప్రెషర్ కుక్కర్ని. రేకుని అచ్చులో నొక్కి, సానబట్టి, నెత్తిన ఒక బరువు పెట్టి లోకంలోకి తోశారు. అంతకుమించి చెప్పుకోదగ్గ పుట్టుక నాకు లేదు. నన్ను మొదట కొన్నది విజయనగరంలో ఒక టీచరమ్మ. నేను కూత పెడితే ఆవిడకి గుండెదడ. నన్ను పొయ్యి మీద పెట్టేసి పక్కగదిలోకి పోయి తలుపేసుకునేది. బదిలీ అయి వెళ్తూ నన్ను ఎదురింటి పైడితల్లికి అంటగట్టి హమ్మయ్య అనుకుంది.

పైడితల్లి అలాంటి మనిషి కాదు. నా కూతల్నే గడియారం చేసుకుంది. పప్పు నాలో పడేసి, మొదటి కూత వచ్చేసరికి వాకిలి ఊడ్చేసేది. తర్వాతి కూతకి గిన్నెలు తోమడం అయిపోవాలి. ఇంకో కూతకి చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మంట ఆర్పేది. గోడ గడియారం ఎప్పుడో ఆగిపోతే ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ మొగుడు అప్పలనరసయ్య బస్సు కండక్టరు. విజిల్ ఊది అంతలేసి బస్సుల్ని కదిలించిన మనిషి, ఇంట్లో తను తాగిన గ్లాసుని మాత్రం కదిలించేవాడు కాదు.

ఆయన రిటైరైన ఏడాదే పైడితల్లి పెరట్లో పాచి మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. డాక్టరు కట్టు కట్టి, ఈ చేత్తో పని చేశారంటే ఎముక వంకరగా అతుక్కుంటుంది, ఆ తర్వాత అన్నం కలుపుకోవడం కూడా కష్టమే అన్నాడు. డాక్టరుకేం, ఎన్నయినా చెప్తాడు. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టడం ఎవరి తరం? మర్నాడే చారు పెట్టడానికి లేచింది. ఆయన కసురుకుంటే, "మరేటి చెయ్యమంటారు? మీ చారు కుడితిలాగుంది" అంది. వంటిల్లు తను నడపగలడని ఆవిడకి నమ్మకం కుదరాలి. కుదరకపోతే ఆవిడ లేస్తుంది, లేస్తే ఆ చెయ్యి దక్కదు. ఆయనకి నిజంగా భయం వేసింది.

నేర్చుకున్నాడు పాపం. ఆవిడ కుర్చీలోంచి చెప్పడం, ఈయన చెయ్యడం. నా కూతలకి పనులు సర్దుకోవడం కూడా పట్టుబడింది. కానీ చారుకీ పప్పుకీ ఆవిడ వంకలు పెట్టగలదు. అందుకని ఆవిడకి రానిదే చేసి చూపిద్దామనుకున్నాడు. ఫోనులో వీడియోలు చూసి, నా అడుగున ఇసుక పోసి, కేకులు మొదలుపెట్టాడు. ముందు నానకటాయి బిస్కట్లు చేస్తే వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. కాకులు కూడా ముట్టలేదు. అరటిపండు కేకు పైన బాగానే పొంగింది, లోపల పచ్చిపిండి. ఆ రెండుసార్లూ పొయ్యి దగ్గరే కాపలా కూర్చుని మాటిమాటికీ మూత తీసి చూశాడు మరి.

"పందెం కాయండి, ఈ ఆదివారం కూడా కుదరలేదనుకోండి, సోమవారం నుంచి వంట నాదే" అంది పైడితల్లి. అన్నదంటే చేస్తుంది.

ఆదివారం బెల్లం, రవ్వ, పెరుగు కలిపాడు. వీడియోలో చెప్పినట్టే నా రబ్బరు తీసి మేకుకి తగిలించాడు, కూత పెట్టే బరువు తీసి గూట్లో పెట్టాడు. కేకు గిన్నె నాలోకి దించి, మూత వేసి, దుప్పట్లు ఉతకడానికి పెరట్లోకి పోయాడు. ఒక దుప్పటి పిండి ఆరేశాడు. చెవి నావైపు పారేసి రెండోది జాడించాడు. కరివేపాకు మొక్కకి నీళ్లు పోశాడు. ఆయన దేనికోసం చూస్తున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. కూత కోసం. ఓరి నాయనోయ్, నోరు ఊడబీకి గూట్లో పెట్టి అరవమంటే ఎలా అరవను? లోపల కేకు మాడుతోంది, నా అడుగు ఉబ్బుతోంది.

మాడువాసన ముందు పైడితల్లికే తగిలింది. ఎడంచెయ్యి కుర్చీ మీద ఆనించి సగం లేచింది. పొయ్యి దాకా వస్తే ఆవిడ మంట ఆర్పి ఊరుకునే రకం కాదు, గిన్నె కూడా దించుతుంది. అంతలో కిటికీలోంచి ఆయన కనిపించాడు. పంచె ఎగ్గట్టి, తడి దుప్పటి భుజాన వేసుకుని, తల పక్కకి వంచి వింటూ నిలబడ్డాడు. ఆవిడ కాసేపు అలాగే చూసింది. మళ్లీ కూర్చుంది.

"ఏటండీ, అది కూత పెట్టదు. నోరు మీరే తీసీసినారు కదా. వచ్చి మంట ఆపండి."

ఆయన పరుగెత్తుకొచ్చాడు. కేకు కింద బొగ్గు, పైన మాత్రం ఎర్రగా కాలింది. సబ్బుచేతులతో నా పిడి పట్టుకుని కిందకి దించాడు. "పందెం నువ్వే నెగ్గీసినావు" అన్నాడు.

"మాడింది కోసీసి పైది తెండి."

తెచ్చాడు. ఆవిడ ఎడంచేత్తో తింది. పళ్లెం ఆయనకే ఇచ్చి, ఉబ్బిన నా అడుగు వైపు చూసింది.

"ఇది ఇంక పనికిరాదు. సాయంత్రం పోయి కొత్తది తెచ్చుకోండి. లేకపోతే రేపు పప్పు దేంట్లో వండుతారు మీరు?"

నా ఉద్యోగం పోయిన సంగతి నాకు అలా తెలిసింది.