ఇప్పపూల బుట్ట

కొత్త పంతులమ్మ పెట్టె తాళమైనా తీయలేదట, సోమవారం బస్సుకు పోయేదేనట అని ఆమెకు గది ఇచ్చిన ఉప్పలమ్మ అందట. వాకిలి ఊడుస్తూ రామక్క ఆ కబురు సారంగపాణి చెవిన వేసింది. గడ్డం గీసుకుంటున్న ఆయన చెయ్యి ఆగింది. చెంప మీద నురుగు ఆరిపోయింది.

ఎనభై నాలుగు మార్చి ముప్పై ఒకటి, శనివారం. ఆయన ఉద్యోగానికి ఆఖరి రోజు. ములకలపల్లి దాటాక అడవి అంచున ఒంటి గది బడి, ఒక్కరే పంతులు. ఈమె కూడా పోతే బడికి తాళం పడ్డట్టే.

తొమ్మిదింటికి కొత్త పంతులమ్మ నిర్మలాదేవి హాజరుపట్టీ తెరిచింది. పెనుబల్లి పిల్ల, ఇస్త్రీ చెదరని చీర. ఎదురుగా ఇద్దరే పిల్లలు. మిగతా ఇరవై ముగ్గురికీ ఎర్రసిరాతో సున్నాలు చుట్టింది. సారంగపాణి మేకుకు వేలాడుతున్న పాత వెదురుబుట్ట వైపు చూశాడు.

కొత్తగూడెంలో బొగ్గుబాయి సైరన్ కూతకు లేచి, కూతకు తిన్న ఇంట్లో పుట్టినవాడు. బడీ అట్లాగే నడవాలనుకున్నాడు. ఈ బడిలో తొలి మార్చిలో, ఇప్పపూలు ఏరి ఆలస్యంగా వచ్చిన పిల్లల అరచేతులు వాయగొట్టాడు. నాలుగు రోజులు పురుగు కూడా బడి గడప తొక్కలేదు. ఐదోనాడు తెల్లవారకముందే తనే బుట్ట పట్టుకుని ఇప్పచెట్ల కిందికి పోయాడు. ముప్పై ఏళ్ళుగా పూలకాలంలో బుట్టలు నిండాకే గంట కొట్టాడు.

పదిన్నరకు పిల్లలంతా ఒక్కసారే వచ్చారు. గది నిండా తియ్యటి, మత్తు వాసన. నిర్మలాదేవి మందారపువ్వు చార్టు విప్పింది. మూడో తరగతి సైదమ్మ లేచి, చార్టు మీద ఇప్పపువ్వొకటి పెట్టింది.

"దీనికి గసొంటి రెక్కలు లేవేంది టీచరమ్మా? పొద్దు పొడవకముందే ఎందుకు రాలుతది?"

రాసుకొచ్చిన పాఠం ముందుకీ వెనక్కీ తిప్పింది నిర్మలాదేవి. ఆమె ముఖం ఎర్రబడింది. సారంగపాణి వైపు చూసింది. ఆయన చెప్పబోయిన జవాబు మింగేసి సైదమ్మతో అన్నాడు:

"ఏండ్ల సంది ఏరుతున్న గానీ, నాకూ సరిగ ఎరికలేదమ్మా."

నిర్మలాదేవి సుద్దముక్క పక్కన పెట్టింది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని పిల్లల మధ్య నేల మీద కూర్చుంది. గోటితో పువ్వు చీల్చింది. ఇరవై అయిదు తలలు ఆమె మీదికి వంగాయి. సారంగపాణి చెప్పులు తొడుక్కున్నాడు. ఎవరూ చూడలేదు.

రెండింటి బస్సు కదలబోతుండగా నిర్మలాదేవి రొప్పుతూ వచ్చింది, చేతిలో బుట్ట.

"సార్, ఇది మరిచిపోయారు."

ఆయన కిటికీలోంచి చెయ్యి చాపలేదు. బస్సు కదిలింది. దారి పక్కన నిలబడ్డ ఉప్పలమ్మే మాట అందుకుంది.

"కొత్తగూడెంల ఇప్పచెట్లెక్కడియి ఆయనకు? ఆ బుట్ట ఇగ నీదే. రేపు కోడి కూయంగనే తలుపు కొడ్త. లేవకుంటే, సోమారం బస్సు ఉండనే ఉన్నది."