ఆయుధపూజ పీట మీద తూటా

నేను ఒక ఒంటి గొట్టం తుపాకిని. నా ఇనుము ఏ గనిదో, పిడి కర్ర ఏ అడవిదో నాకు తెలియదు. నన్ను మొదట కొన్నది రాయదుర్గం వైపు ఒక కరణంగారు. ఆయన కుందేళ్ళను కొట్టేవాడు. ఆయన మంచాన పడ్డాక, కళ్యాణదుర్గం దగ్గరి రైతు రుద్రప్ప కాగితాలన్నీ సరిచేయించుకుని నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు.

రుద్రప్ప మెడలో లింగం ఉన్న మనిషి. పూజ కానిదే కాఫీ కూడా ముట్టడు. అలాంటి ఇంట్లో నాకేం పని అంటే, తొమ్మిదెకరాల వేరుశెనగను అడవి పందులు తవ్విపోసేవి. లైసెన్సులో రాసిన కారణం పంట రక్షణ. ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను ఆకాశం వైపు తప్ప ఎటూ ఎక్కుపెట్టలేదు. నా చప్పుడుకు పందులు పరుగెత్తేవి. ఆయన మాత్రం చెట్ల మీది పిట్టలు బెదిరినందుకు లెంపలేసుకునేవాడు.

దసరాకు కొడవలి, పార, గుంటక పక్కన నన్నూ పీట మీద పెట్టేవాడు. దానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నన్ను నడుము దగ్గర మడిచి, గొట్టం మూతి కింద సాంబ్రాణి పట్టేవాడు. పొగ రెండో కొసన బయటికి వస్తే లోపల ఏమీ లేదని అర్థం. అప్పుడే నాకు కుంకుమ బొట్టు.

ఆయన కొడుకు మల్లికార్జునకు ఈ పద్ధతులన్నీ ముసలితనంలా కనబడేవి. అతనికి సినిమా తుపాకులంటే ప్రాణం. హీరో నడుస్తూ నలభై మందిని కాలుస్తాడు, చొక్కా నలగదు. పడ్డవాడు పడ్డట్టే మాయమవుతాడు. హాలంతా ఈలలట. ఇంటికొచ్చి అతను నన్ను భుజాన వేసుకుని అద్దం ముందు అలాగే నడిచేవాడు. టీవీలో యుద్ధం మాట వస్తే స్నేహితులను పిలిచి, బొరుగులు తింటూ, మొత్తం ఆ దేశాన్నే లేపేయాలని తీర్పు చెప్పేవాడు. యుద్ధం ఎలా ఉంటుందో నాకు తెలియదు. కరణంగారి కాలంలో ఒక కుందేలు చావడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం తెలుసు. ఆ బొరుగుల చేతులు నన్ను ముట్టుకున్నప్పుడల్లా నాకు రోత పుట్టేది.

పోయిన ఏడాది రుద్రప్పకు కంటి ఆపరేషన్ అయింది. లైసెన్సు కొడుకు పేరుకు మార్పించాలని అర్జీ పెట్టారు. విచారణ ఇంకా జరగలేదు, ఈలోగా దసరా వచ్చింది. కళ్ళకు పొగ తగలకూడదు కనుక పీట సర్దే పని మల్లికార్జున తీసుకున్నాడు. మడిస్తే ఫోటోలో బాగుండదని నన్ను మూసే ఉంచాడు. ముందురోజు స్నేహితులతో వీడియో తీసుకోవడానికి నాలో తూటా పెట్టిన సంగతి మరిచాడు. నేను మరవలేదు. నా మూతికి ఎదురుగా అతని భార్య శివలీల కూర్చుని చామంతులు గుచ్చుతోంది. నాకు నోరుంది, మాట లేదు. ఆ ఒక్క గంట నా బతుకులోకెల్లా పెద్దది.

సాంబ్రాణి పట్టినావా అని రుద్రప్ప అడిగాడు. అంతా అయిందన్నాడు కొడుకు. ముసలాయనకు మనసొప్పలేదు. తడుముకుంటూ వచ్చి, నా మూతిని గోడ వైపు తిప్పి, నడుము మడిచి, సాంబ్రాణి పట్టాడు. పొగ రెండో వైపు రాలేదు. వేలు పెట్టి చూస్తే చల్లటి ఇత్తడి తగిలింది. తూటాను తీసి అరచేతిలో పెట్టి కొడుకు ముందుకు చాచాడు.

"మర్చిపోయినా నాయనా," అన్నాడు కొడుకు.

"మర్చిపోయేదానికి ఇది గొడుగా?"

శివలీల చేతిలోని దారం జారింది. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

తర్వాతి వారం విచారణకు ఎస్.ఐ. వచ్చాడు. తొమ్మిదెకరాల వేరుశెనగకు పందుల బెడద ఉందని కొడుకు రాసిన అర్జీని చదివి వినిపించాడు. అవునంటే చాలు, నేను మల్లికార్జున సొంతం. అతను తండ్రి ముఖం వైపే చూస్తున్నాడు.

"ఆ చేన్లో ఇప్పుడు సోలారు పలకలు పరిచినారు సార్," అన్నాడు రుద్రప్ప. "మూడేండ్లాయ. వాటిని పందులు తినవు."

"మరి అర్జీలో?"

"అది మావోడు రాసినాడు. దీన్ని మీరు తీస్కపోండి."

ఎస్.ఐ. మంచివాడే. ఈ కాగితం కోసం జనం ఏళ్ళ తరబడి తిరుగుతారని, ఒకసారి వదులుకుంటే మళ్ళీ దొరకదని చెప్పాడు.

"దొరకొద్దనే సార్."

ఊళ్ళో తల ఎట్లెత్తుకోవాలని కొడుకు అరిచాడు. వాకిట్లోంచి శివలీల గొంతు వినబడింది. "తల ఉంది కదా, ఎత్తుకో."

ఇప్పుడు నేను పోలీసు స్టేషన్ గదిలో, మెడకు చీటీ కట్టించుకుని, మరో పదహారు తుపాకుల మధ్య నిలబడి ఉన్నాను. ఎప్పుడో ఒకరోజు మమ్మల్ని కరిగిస్తారట. మధ్యాహ్నం పూట కాపలా కానిస్టేబుల్ పెరుగన్నం తింటూ ఫోనులో సినిమా చూస్తాడు. కాల్పులు మొదలవుతాయి, మనుషులు అరుస్తారు, ఆయన నవ్వుతూ ఊరగాయ నంజుకుంటాడు. ఇక్కడ పదిహేడు తుపాకులం ఉన్నాం. ఒక్కరికీ నవ్వు రాదు.