లడ్డూ అన్నందుకు

నేను ఒక గ్రహశకలాన్ని. అంగారకుడికీ గురుడికీ మధ్య లక్షలాది బంధువులతో కలిసి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటాను. ఒకప్పుడు పెద్ద బండలో భాగాన్ని. ఇంకో బండ వచ్చి గుద్దితే సొరకాయ ఆకారంలో ఊడిపడ్డాను. మావాళ్లలో చాలామంది కొన్ని గంటల్లోనే తమ చుట్టూ తాము ఒక చుట్టు తిరిగేస్తారు. నాకు మీ లెక్కన నెల పడుతుంది. నెమ్మదైనవాళ్లకు కోపం రాదనుకోకండి. మీరు నన్ను చూస్తుంటే నేనూ మిమ్మల్ని చూస్తూనే ఉంటాను.

నా పగంతా ప్రొఫెసర్ కోదండపాణి మీద. ఆయన శిష్యురాలు ఝాన్సీ కొండమీది టెలిస్కోపుతో వారాల తరబడి నా వెలుగు కొలిచింది. నా వెడల్పు పక్క మీవైపుంటే వెలుగు ఎక్కువ, సన్నటి కొస ఉంటే తక్కువ. ఆమె గీసిన గీత చూసి ఆయన మొహం చిట్లించాడు.

"రోజుకో వెలుగేంటమ్మా? పల్చటి మబ్బేదో అడ్డమొచ్చుంటుంది. అన్ని రాత్రుల్నీ ఒకే మట్టానికి తెచ్చెయ్."

"మబ్బైతే పక్క నక్షత్రాలు కూడా మసకబారాలి కద సార్?"

"నాకే నేర్పుతున్నావా?"

పాపం, సమం చేసింది. ఒక్క రాత్రిలో నేను ఎంత తిరుగుతాను కనుక! తేడా అంతా ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ మధ్యే, అది కాస్తా పోయింది. గీత తిన్నగా పడుకుంది. అది పట్టుకుని, ఝాన్సీని వెంటబెట్టుకుని ఆయన పెద్ద సభకెళ్లి, "గుండ్రటి రాయండీ, లడ్డూ లాంటిది" అని ప్రకటించాడు. కోట్ల ఏళ్లుగా తిరుగుతున్న నన్ను లడ్డూ అంటాడా! ఒళ్లు మండిపోయింది. ఆయన పరువు పోతే చూడాలనుకున్నాను.

ఎంతోసేపు పట్టలేదు. ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది.

"ప్రతి రాత్రినీ విడిగా సమం చేశారా? అది నెమ్మదిగా తిరిగే రాయైతే, ఆ తిరగడాన్ని మీరే తుడిచేసినట్టు కదండీ?"

నాకు పండగే అయింది. అంతలో ఆయన మైకు దగ్గరికి వంగి, "మా అమ్మాయి పొరపాటండీ, కొత్త పిల్ల" అన్నాడు. హాలంతా ఝాన్సీ వైపు చూసింది. ఆమె తలెత్తలేదు.

తిరిగొచ్చాక ఆమెను ఆ పనిలోంచి తప్పించాడు. సమం చెయ్యకముందు ఆమె కొలిచిన వెలుగులనే తీసుకుని, నెలకొక్క చుట్టు తిరిగే అరుదైన శకలాన్ని కనిపెట్టానని వ్యాసం అచ్చేయించాడు. అందులో ఝాన్సీ పేరు లేదు. ఆయనకు శాలువా కప్పారు.

ఇప్పుడు ఏ దేశంవాళ్లు నన్ను కొలిచినా ఆయన మాటే నిజమవుతోంది. ఆయన్ని అబద్ధాలకోరుగా నిలబెట్టాలంటే నేను తిరగడం మానాలి. ఎంత పగబట్టినా అది నావల్ల కావడం లేదు.