లోపలికి తెరుచుకునే తలుపు

కొత్త చెక్కను ముసలిదాన్ని చేయడం తేలికైన పనేమీ కాదు. పెరట్లో గచ్చు మీద పన్నెండు పలకలు పరిచి, మూరెడు ఇనుప గొలుసుతో ఒక్కొక్కదాన్నీ బాదుతోంది ఆమె. దెబ్బకో సొట్ట. సొట్టలు పడ్డాక ఇనుప బ్రష్షుతో గీకాలి, దబ్బనంతో పురుగు తొలిచినట్టు కన్నాలు పొడవాలి, తుప్పు మేకులు వారం నానబెట్టిన వెనిగరు పుయ్యాలి. అప్పుడు మొన్న మిల్లులోంచి వచ్చిన చెక్క నూరేళ్ళు ఎండకీ వానకీ ఓర్చుకున్నట్టు బూడిద రంగు తేలుతుంది. చూసినవాళ్ళు దాన్ని నిమిరి "అబ్బ, ఎంత పాతదో!" అని మురిసిపోతారు.

"కొంచెం మెల్లగా కొట్టకూడదూ? ఫోన్‌లో ఉన్నానిక్కడ!" మేడ మీద కిటికీలోంచి భర్త కేకేశాడు.

ఆ ఫోన్‌లో అతను మాట్లాడుతున్నది ఈ పలకల గురించే. "పాతదనం తెప్పించడం ఒక కళండీ. మిషన్లతో రాదు. ఒక్కో పలకా దగ్గరుండి చూసుకుంటున్నాను" అనడం ఆమెకి స్పష్టంగా వినిపించింది. దగ్గరుండటం అబద్ధమేమీ కాదు. మేడకీ పెరటికీ మధ్య పదిహేడు మెట్లే.

వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి చూస్తోంది. "గొలుసు ఆడదాని మెడలో ఉంటే అందం గానీ చేతిలో ఉంటే భయమేస్తుందమ్మా" అని నవ్వింది. ఆవిడ ఏదన్నా నవ్వుతూనే అంటుంది. తిరిగి ఏమైనా అంటే, నవ్వులాటకి అన్నదానికి ఇంత రాద్ధాంతమా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. "పాలు పొంగిపోతున్నాయి, కాస్త చూసి వెళ్ళు." పాలగిన్నెకి ఆవిడ రెండడుగుల దూరంలో ఉంది, ఆమె పెరటి చివర ఉంది. గొలుసు పక్కన పడేసి, చేతులు కడుక్కుని, వెళ్ళి పొయ్యి ఆర్పి వచ్చింది. అత్త మీది కోపం దుత్త మీద చూపించడం అంటారు. దుత్త అయితే పగిలిపోతుంది, చెక్కకి ఆ బాధ లేదు. తర్వాతి పలక మీద సొట్టలు బ్రహ్మాండంగా పడ్డాయి.

భార్యాభర్తలిద్దరూ ఒకే కాలేజీలో, పక్కపక్క బల్లల మీద ఇళ్ళ నమూనాలు గీయడం నేర్చుకున్నవాళ్ళు. పెళ్ళయిన ఏడాది అతను ఆఫీసు తెరిచాడు. బోర్డు మీద అతని పేరొక్కటే ఉండటం చూసి ఆమె అడిగితే, "మన ఆఫీసే కదా, మన ఇద్దరికీ వేరువేరు పేర్లేంటి?" అన్నాడు. ఆ 'మన' అనే మాటకి అప్పట్లో ఆమె పొంగిపోయింది. పద్నాలుగేళ్ళలో ఆ మాట అర్థం ఆమెకి బాగా తెలిసొచ్చింది. గీయాల్సినవన్నీ మన పని, గీసినవన్నీ నా పని. జీతం మాటెత్తితే "ఇంట్లో మనిషికి జీతమేమిటే, ఎవరైనా వింటే నవ్విపోతారు" అంది అత్తగారు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. కాకపోతే సొమ్ము పెళ్ళానిదైతే దాన్ని దాంపత్యం అంటారు.

ఇప్పటి పని గుర్రాలది. పందేల్లో కాళ్ళు విరిగినవి, బళ్ళు లాగి లాగి మోకాళ్ళు అరిగినవి, చూపు పోయినవి, ఎవరికీ అక్కర్లేనివి. వాటన్నిటినీ ఊరి బయట చేరదీసి సాకుతోంది ఒక పశువుల డాక్టరమ్మ. వాటికి కొత్త శాల, పక్కనే విడిది కట్టాలి. మొరటు దూలాలతో, పాత చెక్క వాసనతో ఉండే ఆ విడిదికి డబ్బున్నవాళ్ళు సెలవులకి వచ్చి ఉంటే, ఆ ఆదాయంతో గుర్రాల కడుపు నిండుతుంది. కట్టడం పూర్తవగానే విరాళాల కోసం అక్కడే ఒక విందు. ఆ విడిదిని భర్త 'రాంచ్ లాడ్జ్' అంటాడు. "లాడ్జీ ఏమిట్రా, పరువు తక్కువగా! నలుగురికీ ఎలా చెప్పుకోను?" అని అత్తగారు నెల రోజులు గింజుకుంది.

గుర్రాలు అప్పటికి ఉంటున్న పాత పాకలో కొలతలు తీసుకోవడానికి ఆమె నాలుగు రోజులు వెళ్ళింది. ఆలస్యంగా వచ్చిన రోజున అత్తగారు అడగనే అడిగింది: "ఇంతసేపూ ఏం చేస్తున్నావు, గుడ్డి గుర్రాలకి పళ్ళు తోముతున్నావా?" ఆమెకి నవ్వాగలేదు. ఎందుకంటే ఆ రోజు చేసింది సరిగ్గా అదే. డాక్టరమ్మ గుడ్డి గుర్రం నోట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పొడుగాటి ఆకురాయితో పళ్ళు అరగదీస్తుంటే, ఆమె టార్చి పట్టుకుని నిలబడింది. పళ్ళు మొనదేలితే అది మేత నమల్లేదట. పనీపాటా లేనివాళ్ళని వెక్కిరించడానికి పుట్టిన మాట, అక్కడ ఒక ఆడమనిషి పొద్దున్నే లేచి చేసుకునే పని.

ఆ నాలుగు రోజుల్లోనే ఆమెకి మొండి పరిచయమైంది. మొండి అంటే గోధుమరంగు ముసలి ఆడగుర్రం. ఎక్కడ ఉంచినా తలుపు సందులోంచి వచ్చే గాలి కోసం వీపు తలుపుకే ఆనించి పడుకుంటుంది. "గుర్రం గదికి తలుపు బయటికే తెరుచుకోవాలమ్మా" అని డాక్టరమ్మ చెప్పింది. "లోపలికి పెట్టారనుకోండి, కడుపునొప్పి వచ్చి అది తలుపుకి అడ్డంగా పడిపోతే మనం లోపలికి పోలేం. కళ్ళ ముందే పోతుంది." ఆమె అలాగే గీసింది. గదికీ గదికీ మధ్య అడ్డగోడ పలకల్ని కూడా మేకులు కొట్టకుండా, స్తంభాల గాడిలో ఒకదానిమీద ఒకటి దింపి, కావాలంటే పైకి ఎత్తి తీసేలా గీసింది. డాక్టరమ్మ చూసుకుని సంతకం పెట్టింది.

భర్త ఆ కాగితం మీద ఎర్ర పెన్సిలు పెట్టింది ఒక్కచోటే. "తలుపులు బయటికి తెరిస్తే నడవంతా గజిబిజిగా ఉంటుంది. ఫోటోలో ఏం బావుంటుంది? లోపలికి తిప్పు."

"గుర్రం అడ్డంగా పడుకుంటే తెరవలేమండీ."

"గుర్రమొచ్చి కంప్లయింటు ఇస్తుందా?"

మర్నాడు మళ్ళీ చెప్పింది. "నాలుగు రోజులు పేడవాసన పీల్చేసరికి నాకే పాఠాలు చెప్పేంత పెద్దదానివయ్యావు. ఈ సంగతి డాక్టరమ్మ దాకా తీసుకెళ్ళావో, నా పరువు నువ్వే తీసినదానివవుతావు" అన్నాడు. తనే వెళ్ళి వడ్రంగి మేస్త్రికి పురమాయించాడు. ఆమె మూడోసారి చెప్పలేదు. డాక్టరమ్మకీ చెప్పలేదు. రెండుసార్లు చెప్పి మూడోసారి నోరు మూసుకోవడం ఆ ఇంట్లో ఆమె నేర్చుకున్న పనితనం. దాన్ని సర్దుకుపోవడం అని అందరూ మెచ్చుకుంటారు. పాత పాకలో మొండి వీపు ఆనించుకుని పడుకున్న తీరు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసేది. అసహ్యం వేసిందని చెప్పి నోరు తెరిచిందా అంటే, అదీ లేదు.

విందుకి ముందురోజు ఇంకో పని అంటగట్టాడు. విడిది గుమ్మానికి తగిలించడానికి ఒక పేరుపలక కావాలి. మిగిలిన చెక్క ముక్క మీద ఎర్రగా కాలిన ఇనుప కడ్డీతో ఆమె అక్షరాలు కాల్చింది. 'రూపకల్పన', దాని కింద భర్త పేరు. పొగ కళ్ళలోకి పోయి నీళ్ళు కారాయి. "అక్షరాలు భలే కుదిరాయి" అన్నాడు అతను. ఆ మెప్పు కూడా అక్షరాలకే.

విందు పట్టపగలు. కొత్త శాలలోకి గుర్రాల్ని ఆ పొద్దున్నే మార్చారు, అతిథులు చూస్తారని. డాక్టరమ్మ పాత పాకలోంచి వాటిని పంపించి, కదల్లేని గుర్రానికి కట్టు కట్టడానికి అక్కడే ఉండిపోయింది. విడిదిలో జనం బల్లల్ని నిమురుతున్నారు, దూలాల కింద ఫోటోలు దిగుతున్నారు. "ఎక్కడిదండీ ఈ చెక్క?" అని ఇటుకల పెద్దాయన అడిగాడు. ఇటుక బట్టీల యజమాని, అందరిలోకీ పెద్ద దాత. "ఒక పాత ధాన్యపు కొట్టు విప్పించి తెచ్చానండీ. తొంభై ఏళ్ళ నాటిది" అన్నాడు భర్త, రెప్ప వెయ్యకుండా. ఆ తొంభై ఏళ్ళనీ పది రోజుల్లో బాదిన ఆమె కుడి భుజం, మంచినీళ్ళ పళ్ళెం పట్టుకుని సలుపుతోంది.

పెద్దాయన ఒక గ్లాసు అందుకుని, "మీరేం చేస్తుంటారమ్మా?" అన్నాడు.

ఆమె నోరు తెరిచేలోగా జవాబు వచ్చేసింది. "మా ఆవిడ ఇంటి పట్టునే ఉంటుందండీ. సరదాకి బొమ్మలు గీస్తుంటుంది."

అత్తగారు పక్కనుంచి అందుకుంది. "మావాడి పనికి అడ్డు రాదు, అదే పదివేలు."

పెద్దాయన ఉత్సాహంగా ఇలాంటిదే ఇంకొకటి తన ఖర్చుతో కట్టిస్తానని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. "రెండు వారాల్లో డ్రాయింగులు మీ చేతిలో ఉంటాయి" అన్నాడు భర్త. ఆ మాట అంటూ అతను చూసింది ఆమె వైపు. ఆ రెండు వారాలు ఎవరివో ఇద్దరికే తెలుసు.

అప్పుడే, కట్టు ముగించుకుని శాలకి వచ్చిన డాక్టరమ్మ కేక వినిపించింది. గ్లాసులు బల్లల మీద పెట్టి అందరూ అటు పరుగెత్తారు.

మొండి పడిపోయింది. లోపల తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు గోడకి తన్నుకుంటూ, మూలుగుతోంది. డాక్టరమ్మ భుజంతో తలుపు నెడుతోంది. రెండు వేళ్ళ సందు పడింది, అంతే. మేస్త్రి చెయ్యేశాడు, భర్త చెయ్యేశాడు. గుర్రం బరువు ముందు ఎవరి బలమూ పనికిరాలేదు. బందులు లోపలివైపు ఉన్నాయి, విప్పే వీలు లేదు.

డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. "నేను సంతకం పెట్టిన డ్రాయింగులో తలుపు బయటికి కదా తెరుచుకుంటుంది? లోపలికి పెట్టిందెవరు?"

అంతమంది ముందు భర్త ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "డ్రాయింగులన్నీ గీసేది మా ఆవిడేనండీ. ఎక్కడో పొరపాటు చేసినట్టుంది."

పద్నాలుగేళ్ళు. ఈ మాట ఒక్కసారి నలుగురిలో అంటాడేమోనని ఎన్ని విందుల్లో, ఎన్ని గృహప్రవేశాల్లో మంచినీళ్ళ పళ్ళెం పట్టుకుని ఎదురుచూసింది! ఇదిగో, అన్నాడు. చావబోతున్న గుర్రాన్ని ఆమె చేతిలో పెట్టి అన్నాడు. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా సెగలు కక్కే కోపం వచ్చింది, ఆ కోపంలో బుర్ర ఎన్నడూ లేనంత తేటగా పనిచేసింది.

"మేస్త్రీ, పక్క గదిలోకి రండి" అంది. "అక్కడి గుర్రాన్ని బయటికి తోలండి. అడ్డగోడ పలకలు పైనుంచి ఒక్కొక్కటే ఎత్తండి. మేకులు లేవు."

"ఇవి ఊడతాయా?" డాక్టరమ్మ నమ్మలేనట్టు చూసింది.

"ఊడేలాగే గీశాను."

మొదటి పలక పట్టేసింది. ఆమె ఇంకా చేతిలోనే ఉన్న పళ్ళెం అంచుతో గాడిలో పొడిచి, తనూ భుజం పెట్టింది. సలుపుతున్న ఆ కుడి భుజమే. కిర్రుమంటూ పలక లేచింది. రెండోది, మూడోది, నేల దాకా అన్నీ. డాక్టరమ్మ లోపలికి దూకి ఇంజెక్షను ఇచ్చింది. గుర్రం కాళ్ళకి తాళ్ళు వేసి నలుగురు ఇటు లాగారు. తలుపు వదిలింది. చాలాసేపటికి మొండి వణుకుతూ లేచి నిలబడింది, ఒళ్ళు విదిలించుకుంది, తళతళలాడే బూట్ల ముందు దబదబా లద్ది వేసింది. "వేసింది! ఇంక ఫర్వాలేదు!" అని డాక్టరమ్మ బంగారం దొరికినట్టు గంతేసింది. దాతలు రెండడుగులు వెనక్కి జరిగారు.

ఆ సందట్లో భర్త ఆమె చెవి దగ్గరికి వచ్చాడు. "ఏదో కంగారులో అనేశాను. నువ్వు తప్పు ఒప్పుకున్నావంటే ఇక్కడితో పోతుంది. రెండో పని చేతికి రావాలా వద్దా?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా" అని అత్తగారు గొణిగింది. ఈసారి నవ్వలేదు.

ఇటుకల పెద్దాయన దగ్గరికి వచ్చాడు. "అమ్మా, అయితే ఇవన్నీ గీసింది మీరేనా?"

"నేనేనండీ" అంది. "శాల, విడిది, మీరు భోంచేసిన బల్లలు, అన్నీ. ధాన్యపు కొట్టేమీ లేదు. ఆ చెక్క వయసు పది రోజులు." డాక్టరమ్మ వైపు తిరిగింది. "తప్పు నాదే డాక్టరమ్మా. నోరు విప్పాల్సినప్పుడు మీ దగ్గర నోరు మూసుకున్నాను. ఇంకెప్పుడూ అలా చెయ్యను."

తప్పు అన్న మాట ఒక్కటే భర్త చెవిలో పడినట్టుంది. తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "పోనీలెండి, మనిషన్నాక పొరపాట్లు చెయ్యకుండా ఉంటారా?" అని అందరివైపూ చూసి పెద్దమనసుతో నవ్వాడు. "రండి, రండి. పేరుపలక పెట్టే కార్యక్రమం మిగిలే ఉంది."

మేస్త్రి చెమట తుడుచుకుని, సుత్తీ మేకులతో పాటు ఆ పలక తీసుకొచ్చాడు. విడిది గుమ్మం వైపు అడుగెయ్యబోయి ఆగాడు. పలక మీది అక్షరాల్ని చూశాడు, భర్తని చూశాడు, చివరికి ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇదెక్కడ కొట్టమంటారమ్మా?"

ఆమె మొండి గది వైపు చెయ్యి చూపించింది.

"ఆ తలుపుకి కొట్టండి మేస్త్రీ. ఇక్కడ ఆయన గీసింది అదొక్కటే."