ఎత్తుగా కట్టిన పట్టా

డ్రిల్లు మాస్టారు రిటైరైనా ఆయన పంతం మాత్రం రిటైరవలేదు. కొండల మీదుగా పోయే ఆ పొడవాటి కాలిదారి మొత్తం నడిచి తీరాలన్నాడు. వద్దంటే వినే మనిషి కాదు కనక, ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న కూతురే సెలవు పెట్టి తోడు బయల్దేరింది. బరువు తగ్గించుకోవాలన్నది ఆమె పెట్టిన ఒకే ఒక్క షరతు. గుడారం మోయడం మానేసి పల్చటి టార్పాలిన్ పట్టా ఒకటి కొంది. మడిస్తే చేతిసంచిలో పట్టేస్తుంది. దానికి అడుగూ లేదు, తలుపూ లేదు. పొడవు పెంచి తగ్గించుకునే ఇద్దరి చేతికర్రలూ నిలబెట్టి, పైన పట్టా పరిచి, అంచుల తాళ్ళు లాగి నేలలో మేకులు దిగ్గొట్టడమే.

కట్టే పని తనదేనన్నాడు మాస్టారు. రోజూ ఎత్తుగా, పందిరిలా కట్టేవాడు.

"గాలున్న చోట కిందికి దించాలి నాన్నా, అంచులు నేలకి ఆనాలి," అని చెప్పి చూసింది.

"పాక్కుంటూ దూరడానికి మనమేమన్నా ఎలకలమా? మనుషుల్లా నడిచి వెళ్దాం," అన్నాడాయన.

ఎండ కాసినన్నాళ్ళూ ఆయన మాటే చెల్లింది. తండ్రి ముచ్చట కదా అని ఆమె నవ్వి ఊరుకునేది. గట్టిగా నిలదీయాల్సిన చోట నవ్వి ఊరుకుంటే ఇలాగే కొంప మునుగుతుంది.

అన్నిటికన్నా ఎత్తైన గట్టు ఎక్కాక, మిట్టమధ్యాహ్నం మబ్బు కమ్మేసింది. చూస్తుండగానే వాన. చెట్టన్నది లేని చోటు. ఇద్దరూ నిలువునా తడిశాక మాస్టారు పట్టా తీసి, ఎప్పటిలాగే ఎత్తుగా కట్టాడు. వాన పైనుంచి పడటం మానేసి పక్కల నుంచి కొట్టడం మొదలుపెట్టింది. పడకసంచులు నానిపోయాయి. ఆయన గాలి వచ్చే వైపు వీపు పెట్టి, కూతురికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"దించేస్తున్నా నాన్నా. పడుకో," అంటూ ఆమె కర్ర మీద చెయ్యి వేసింది.

"వద్దు, నేనిలా కూర్చుంటా."

"చచ్చిపోతావు నాన్నా."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మోకాళ్ళు వంగట్లేదు తల్లీ. బయల్దేరకముందే డాక్టరు ఆపరేషనన్నాడు. కిందికి కడితే నేను దూరలేను. రోజూ నీకన్నా ముందే ఎందుకు లేచేవాణ్ణనుకున్నావు? దేన్నో ఒకదాన్ని పట్టుకుని లేచే అవస్థ నువ్వు చూడకూడదని."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే రానిచ్చేదానివా?"

ఆమెకి ఒళ్ళు మండింది. వెంటనే ఏడుపొచ్చింది. వార్డులో ముక్కూమొహం తెలియని వాళ్ళు కుంటితే పరిగెత్తుకెళ్ళే తను, కన్నతండ్రి వెనకే ఇన్నాళ్ళు నడిచి ఏం చూసినట్టు? కానీ ఇప్పుడు ఏడిస్తే పని కాదు. ఆయన భుజాలు పట్టి మెల్లగా వెనక్కి వాల్చింది. బాధకి ఆయన మూలిగాడు. కర్రలు కురచ చేసి, అంచులు నేలకి లాగి, రాళ్ళు బరువు పెట్టింది. తడిచొక్కా విప్పి, సంచి అడుగున పొడిగా మిగిలిన తన కోటు తొడిగి, మెడ దాకా జిప్పు లాగి, ఆయన్ని గట్టిగా కావలించుకుంది. గాలి రావడం ఆగిపోయింది. ఈ పని మొదటే చేసుంటే ఎంత బాగుండేది.

ఆయన ఆమె చేతుల్లో చాలాసేపు వణికాడు. తర్వాత వణుకు తగ్గింది. తర్వాత పూర్తిగా ఆగిపోయింది.

"చలి పోయింది తల్లీ," అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. "నువ్వు చెప్పిందే రైటు. కిందికి కడితే ఎంత వెచ్చగా ఉందో."

ఆమె కోటు కిందికి చెయ్యి పోనిచ్చింది. ఆయన పొట్ట రాయిలా చల్లగా ఉంది. ఒంట్లో వణకడానికి కూడా ఓపిక అయిపోయినవాళ్ళు ఇలాగే వెచ్చగా ఉందంటారు. అలాంటివాళ్ళని ఆమె వార్డులో చూసింది. అక్కడ వేడి సెలైను ఉంది, డాక్టర్లున్నారు. ఇక్కడ ఫోనుకి సిగ్నల్ కూడా లేదు.

"ఉక్కపోస్తోంది," అంటూ మాస్టారు కోటు జిప్పు కిందికి లాగాడు.

ఆమె పైకి లాగింది. ఆయన మళ్ళీ లాగాడు. విసుక్కోకుండా, చిన్నపిల్లాడు బొమ్మతో ఆడుకున్నట్టు, లాగుతూనే ఉన్నాడు.

"నిజమే నాన్నా, వెచ్చగా ఉంది," అంటూ ఆమె ఆ జిప్పు మళ్ళీ పైకి లాగింది.